సూదులమ్మ కంప్యూటరు చీటీలు

ఉసిరిగుడలో ముప్పై ఏళ్లలోపు వాళ్లెవరికైనా సరే, మగ్దలేనమ్మ ఎదురైతే చెయ్యి తనంతట తనే వెనక్కి పోయి నడుం కింద తడుముకుంటుంది. ముప్పైరెండేళ్లు ఆ కొండలమీద ఏఎన్ఎం ఉద్యోగం చేసిందావిడ. ఆ చేతి సూది పోటు తగలని చర్మం చుట్టుపక్కల ఏడు గుడాల్లో లేదు. ఎదురుగా ఉంటే "సిస్టరమ్మా" అంటారు. నాలుగడుగులు దాటాక "సూదులమ్మ" అంటారు. రెండో పేరు సంగతి ఆవిడకి తెలుసు. తెలిసినట్టు బయటపడదు. అలా అన్నవాళ్ల పిల్లలకి టీకా వేసేరోజున కాస్త మొద్దుసూది ఏరుతుందని గిట్టనివాళ్లు అంటారు గానీ, అది అబద్ధం. మొద్దుసూదులు ఏరక్కర్లేకుండానే వచ్చేవి.

పోయినేడు రిటైరయింది. రిటైరైనవాళ్లు ఆ కొండల్లో మేకలు కొంటారు. మగ్దలేనమ్మకి మేకలంటే పడదు. సూది చూపిస్తే అవి దణ్ణాలు పెట్టవు, ఏం సరదా? రెండు నెలలు గోడకేసి చూసింది. మూడో నెలలో పార్వతీపురం ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న కూతురు డాలీ కొత్త లాప్‌టాప్ కొనుక్కుని, పాతది తెచ్చి తల్లి ఒళ్లో పడేసింది. దాని మీద 'ఎన్' అక్షరం మీట ఊడిపోయి చిన్న గుంట మిగిలింది. మగ్దలేనమ్మ మందుసీసా రబ్బరుమూత ఒకటి తెచ్చుకుని, ఎన్ కావలసినప్పుడల్లా దానితో ఆ గుంటలో పొడిచేది. పొడవడం ఆవిడకి కొత్తా?

ఇక నేర్చుకోవడం. ఫోనులో ఎవరో కుర్రాడు తెలుగులో పైథాన్ పాఠాలు చెబుతుంటే మొదలుపెట్టింది. ఊళ్లో సిగ్నలు లేదు. బర్నబా గుమ్మడిపాదుల వెనకనున్న బండమీద మాత్రం రెండు గీతలు వస్తాయి. అందుకని పొద్దున్నే కండువా తలకి చుట్టుకుని, ఒళ్లో లాప్‌టాప్‌తో, మిగిలిపోయిన టీకా రిజిస్టరుతో ఆ బండెక్కి కూర్చునేది.

బర్నబా రైల్లో గేంగుమేనుగా చేసి దిగిపోయిన మనిషి. టైడా స్టేషనుకి అటూ ఇటూ, సొరంగాల్లోంచి సుత్తి భుజాన వేసుకుని, పట్టాల్ని బిగించే ఇనప 'కీ'లు ఊడకుండా కొట్టుకుంటూ ముప్పైయేళ్లు నడిచాడు. ఇప్పుడు గుమ్మడికాయలు పండిస్తాడు. కాయ పిందెగా ఉన్నప్పుడే గోటితో దానిమీద రైలుపట్టా గీస్తాడు: రెండు నిలువుగీతలు, మధ్యలో అడ్డగీతలు. కాయతోపాటు ఆ మచ్చా పెరుగుతుంది. ఎవడైనా ఎత్తుకుపోతే సంతలో గుర్తుపట్టడానికట.

"ఏటి సిస్టరమ్మా, కొండసిలవని పెంచుతున్నావట? ఊరంతా సెప్పుకుంతన్నారు."

"పైథాన్ అన్నా. పేరే అలాటిది. కరవదు."

"కరవని పామెందుకమ్మా?"

"నాను సెప్పిన మాట ఇంటాది. ఈ ఊళ్లో అలాటిది ఇంకోటుంటే సూపించు."

బర్నబా నవ్వలేదు. భార్య కనక చనిపోయాక ఆయన నవ్వు చూసినవాళ్లు లేరు. దానికి తోడు చీటీల ముచ్చటొకటి ఉంది.

ఉసిరిగుడ చర్చిలో ఏటా డిసెంబరు మొదటి ఆదివారం క్రిస్మస్ స్నేహితుల చీటీలు తీస్తారు. అందరి పేర్లూ చీటీలు రాసి బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. ఎవరికి ఏ పేరొస్తే ఆ మనిషి కోసం క్రిస్మస్ దాకా రహస్యంగా ప్రార్థన చెయ్యాలి. ఎవరూ చూడకుండా గుమ్మంలో కట్టెలమోపో, గుప్పెడు చిక్కుడుకాయలో పెట్టి రావాలి. క్రిస్మస్ నాడు బహుమతి చేతికిచ్చి "నీ స్నేహితుణ్ని నేనే" అని బయటపడాలి. రెండేళ్ల కిందట బర్నబా చీటీ డబ్బామూత మడతలో ఇరుక్కుపోయింది. ఎవరికీ ఆయన పేరు రాలేదు. కనక పోయి నాలుగు నెలలు కూడా కాలేదప్పటికి. ఆ క్రిస్మస్ నాడు అందరూ పొట్లాలు విప్పుకుంటుంటే ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా కూర్చుని, లేచి వెళ్లిపోయాడు. మరుసటి వారం ఎవరో డబ్బా కడుగుతుంటే చీటీ దొరికింది. దొరికి ఏం లాభం? పోయినేడు పేరే ఇవ్వలేదు.

ఈసారి మగ్దలేనమ్మ బండ దిగి ఆయన గుమ్మంలోకి వెళ్లింది.

"అన్నా, ఈయేడు డబ్బా నేదు. కంప్యూటరే పంచుతాది. నీ పేరియ్యి."

"నా పేరొద్దు సిస్టరమ్మా. బాగానే ఉన్నాను."

"మిషను మరిసిపోదన్నా. నా మాట."

ముప్పైరెండేళ్లలో ఆవిడ "నొప్పెట్టదు" అన్నమాట ఒక్కటే అబద్ధం. మిగతా మాటలకి ఆ కొండల్లో విలువుంది. బర్నబా చాలాసేపు చుట్ట కాల్చి, సరే అన్నాడు.

మగ్దలేనమ్మ ప్రోగ్రాం రాసింది. పైథాన్‌లో డిక్షనరీ అనేదొకటుంది. పేరు చూసి ఆవిడా మొదట నిఘంటువనుకుంది గానీ, తీరా చూస్తే అది అచ్చం టీకా రిజిస్టరు. ఎడంపక్క పేరు, కుడిపక్క ఆ పేరుకి తగిలించిన ముక్క. పేరు పెట్టి పిలిస్తే ముక్క పలుకుతుంది. ఎడంపక్క ముప్పైనాలుగు పేర్లూ ఎక్కించింది. కుడిపక్కకి, ప్రతి పేరుకీ ఒక స్నేహితుణ్ని ఏరమని రాండమ్ ఛాయిస్ అనే ఆజ్ఞకి అప్పజెప్పింది. నడిపిస్తే టకటకా ముప్పైనాలుగు వరసలు వచ్చాయి. ఆవిడ చూసింది ముప్పైనాలుగూ వచ్చాయా లేదా అనే. ఏవి వచ్చాయో చూడలేదు. చూడకూడదు కదా, రహస్యం! పాస్టరు ఆల్విన్ గారింట్లో ప్రింటు తీసి, కళ్లద్దాలు పక్కన పెట్టేసి, గుడ్డిగా మడిచి అంటించింది. అంత నిజాయితీ మనిషి. ఆ నిజాయితీయే కొంప ముంచింది.

చీటీలు పంచిన నాలుగో రోజుకి కుళాయి దగ్గర నూకరత్నం గొంతు మూడు వీధులకి వినబడుతోంది.

"కట్టెలమోపు పెట్టేరు, గుమ్మడికాయ పెట్టేరు, జీడిపిక్కల పొట్లం పెట్టేరు! నిన్న నాను నిద్దర్లేసేసరికి వాకిలి తుడిసీసున్నాది! ఒక్క స్నేయితుడికి నామీద ఇంత పేమేటి సిస్టరమ్మా?"

"నువ్వంత మంచిదానివి మరి," అంది మగ్దలేనమ్మ, మనసులో ఆ మాట తనకే గుచ్చుకుంటుండగా. నూకరత్నం అరువు తెచ్చిన చాట ఇంతవరకు ఎవరికీ తిరిగివ్వలేదు.

ఆ సాయంత్రం యర్రయ్య మూలుగుతూ వచ్చాడు. "దగ్గుమందుంటే ఇయ్యి సిస్టరమ్మా. నాకు కాదు, నా స్నేయితుడికి. ఆడి ఆరోగ్గెం కోసం రోజూ పార్దన సేత్తన్నాను. ఆడికి కోడిపులుసు పడితే బాగుణ్ణని నిన్న కోణ్ని కోసేను."

"ష్! బయటికి సెప్పకూడదు. ఎవులికన్నది నాకొద్దు," అని సీసా ఇచ్చింది. యర్రయ్య గుమ్మంలోనే మూత తీసి సగం తాగేసి, తెరిపిన పడ్డట్టు గుండె రాసుకుంటూ వెళ్లిపోయాడు.

మగ్దలేనమ్మ అక్కడే నిలబడిపోయింది. జ్వరం వచ్చిన పిల్లని దూరం నుంచే పోల్చే మనిషికి ఇది పోల్చడం ఎంత?

మర్నాడు పొద్దున్న బండెక్కేటప్పుడు బర్నబా గుమ్మం వైపు చూసింది. రెండుపూటలా చిమ్ముతున్నట్టున్నాడు, ఆకు కూడా లేదు. గడప పక్కన ఖాళీ బుట్ట ఒకటి, నోరు పైకి, ఎవరైనా ఏమైనా వేస్తే కిందపడకుండా. లోపల రాత్రి కురిసిన మంచు తప్ప ఏమీ లేదు.

అప్పుడు ఆవిడ కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని, రహస్యం గిహస్యం పక్కనపెట్టి, డిక్షనరీ తెరిచింది. కుడిపక్క వరస మీద వేలు జరుపుకుంటూ పోయింది. నూకరత్నం. తొమ్మిది వరసల కింద మళ్లీ నూకరత్నం. మళ్లీ. మళ్లీ. నాలుగుసార్లు. యర్రయ్యకి యర్రయ్య. వేరువేరు పేర్లు ఎన్నున్నాయో లెక్కేస్తే ఇరవైరెండే. పన్నెండుమంది కుడిపక్క ఎక్కడా లేరు. వాళ్లలో బర్నబా ఒకడు.

ఈ ఛాయిస్ అనేది బుట్టలోంచి చీటీ తీసి, చూసి, మళ్లీ అదే బుట్టలో పడేసే రకం. తీసింది పక్కన పెట్టాలన్న ఇంగితం దానికి లేదు. మనం చెప్పలేదు కాబట్టి అది చెయ్యలేదు. చెప్పిన మాట వింటుందని బర్నబా దగ్గర గొప్పలు పోయింది తనే కదా.

"వాడిన సూది మళ్లీ ఎక్కించినట్టు సేసేనే!" అని ఆ బండమీద మగ్దలేనమ్మ తన నెత్తి తనే మొట్టుకుంది.

సంఘంలో లేచి తప్పు ఒప్పేసుకుంటే తేలిపోయేదే. ఆవిడకి సిగ్గూ లేదు. కానీ "పన్నెండుమంది పేర్లు ఎవరికీ వెళ్లలేదు" అని నోరు తెరిస్తే, వాళ్లలో ఒకడిగా తనని లెక్కేసుకునే మొదటి మనిషి బర్నబా. ఒకసారి అలా లేచి వెళ్లిపోయాడు, రెండోసారీ అదే జరిగితే ఇక గుమ్మం దాటి రాడు. ఆ బుట్ట నిండాలి. నిండని రోజులున్నాయని ఆయనకి తెలియకూడదు. క్రిస్మస్ ఇంకా రెండు వారాలుంది.

మళ్లీ పాఠాలమీద పడింది. శాంపిల్ అనే ఆజ్ఞ దొరికింది. ఇది బుద్ధిమంతురాలు, తీసిన చీటీ మళ్లీ బుట్టలో వెయ్యదు. ముప్పైనాలుగు తియ్యమంటే ముప్పైనాలుగూ వేరువేరే. ఈసారి పేర్లు చూడకుండా లెక్క చెప్పించుకోవడం కూడా నేర్చుకుంది: "కుడిపక్క వేరువేరువి ఎన్ని? తనకి తనే వచ్చినవాళ్లు ఎంతమంది?" మిషను చెప్పింది: ముప్పైనాలుగు. ఇద్దరు.

ఇద్దరు యర్రయ్యలా! మళ్లీ నడిపింది. ఒకడు. మళ్లీ. ముగ్గురు. ఒకసారి సున్నా వచ్చింది గానీ, వేలు ఆగక ఇంకోసారి నొక్కేసింది, పోయింది. అదృష్టం కోసం మీట నొక్కుతూ కూర్చోవడం ఆవిడకి నచ్చలేదు. టీకా అంటే ప్రతి పిల్లకీ పడాలి, పడితే పడింది లేకపోతే లేదంటే కుదరదు.

బుర్ర వేడెక్కి బండ దిగి వస్తుంటే, అప్పలనర్సమ్మ ఇంటి మెట్లమీద ఎండ కాగుతూ ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. పేలు చూసుకుంటున్నారు. పై మెట్టుమీదావిడ కింది మెట్టుమీదావిడ తల్లో, ఆవిడ తన కిందావిడ తల్లో, అలా అయిదుగురు. అన్నిటికన్నా కింద కూర్చున్న చిట్టి ముందు ఎవరూ లేక, ఖాళీ చేతులతో గడ్డిపరకలు తుంపుతోంది. అన్నిటికన్నా పైనున్న అప్పలనర్సమ్మ తల చూసేవాళ్లు లేరు.

"ఒలే సిట్టీ! సేతులు ఊపుకుంతా కూకున్నావేటే? నా తల ఎవులు సూత్తారు, మీ మావొచ్చి సూత్తాడా?"

"నానొచ్చి నీ యెనక కూకుంటే నా తల ఎవుల్కి అందుతాదప్పా?"

"కిందకి దిగండే అందరూ! గుండ్రంగా కూకుంటే సరి. బేగి, ఎండ ఎల్పోతాది!"

అయిదుగురూ వాకిట్లోకి దిగారు. గుండ్రంగా కూర్చున్నారు. చిట్టి చేతుల్లోకి అప్పలనర్సమ్మ తల వచ్చింది. ఖాళీ చెయ్యి లేదు, దిక్కులేని తల లేదు.

మగ్దలేనమ్మ దారిమధ్యలో నోరు తెరుచుకు నిలబడింది. ఒక తల రెండు చేతుల్లో పడదు. ఒక తలా మిగిలిపోదు. తన తల తను చూసుకోవడం ఎవరివల్లా కాదు, కళ్లు ముందుకి పెట్టినవాడు దేవుడు!

"ఏటి సిస్టరమ్మా, అలగ సూత్తన్నావు? నీకూ పేలున్నాయేటి?" అంది అప్పలనర్సమ్మ.

"ముప్పైనాలుగున్నాయే! ఇప్పుడే దొరికేయి!" అని మగ్దలేనమ్మ వచ్చిన దారినే బండ వైపు పరిగెత్తింది. అరవై దాటిన మనిషి అలా పరిగెత్తడం చూసి చిట్టి తల గోక్కుంది.

ప్రోగ్రాం ఎనిమిది వరసలకి తగ్గిపోయింది. పేర్లన్నిటినీ చాటలో పోసి ఒక్క ఎగరేత ఎగరేసి కలుపు. దానికి షఫుల్ అని ఆజ్ఞ ఉంది. కలిసిన వరసలోనే కూర్చోబెట్టు. ప్రతివాళ్లకీ తన ముందున్నవాళ్ల పేరివ్వు. అందరికన్నా ముందున్నవాళ్లకి అందరికన్నా వెనకున్నవాళ్ల పేరివ్వు. అయిపోయింది. వందసార్లు నడిపించింది. వందసార్లూ ఒకటే జవాబు: ముప్పైనాలుగు, సున్నా. నూటొకటోసారి వచ్చినదాన్ని చూడకుండా ప్రింటు తీసింది.

మూడో ఆదివారం ఆరాధన అవుతూనే లేచి నిలబడింది.

"ఈయేడు కంప్యూటరు పద్ధతి కాబట్టి స్నేహితులు ఇద్దరు. మొదటి చీటీ ఇయ్యాళ్టితో సరి. రేపట్నుంచి రెండో చీటీ. క్రిస్మస్ బహుమతి రెండో చీటీ వాళ్లకే."

పాస్టరు ఆల్విన్ గారు కుర్రవాడు. కొత్తగా వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరెందుకు సిస్టర్? ఇలాంటి పద్ధతి మనకెక్కడా..."

"యేసయ్య శిష్యుల్ని ఎలాగ పంపించేడు పాస్టరుగారూ? ఇద్దరిద్దరిగానే కదా?"

పాస్టరుగారు కూర్చున్నాడు. ఆయనకి ఇంకా ధనుర్వాతం సూది బాకీ ఉంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"మరి నా పాత స్నేయితుడేటైపోవాలి? మంచి మనిసి!" అని నూకరత్నం గొల్లుమంది. యర్రయ్య అంతకన్నా దిగులుపడ్డాడు. అంత నమ్మకమైన స్నేహితుడు ఆయనకి మళ్లీ ఎక్కడ దొరుకుతాడు? చివరి బెంచీలో బర్నబా చీటీ అందుకుని, విప్పకుండా చొక్కాజేబులో వేసుకున్నాడు. ఆయన చూపు మగ్దలేనమ్మ మీద కొంచెం ఎక్కువసేపే ఆగింది. ఆవిడ పాటలపుస్తకం తలకిందులుగా పట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

మంగళవారం బండెక్కుతుంటే బుట్టలో నాలుగు సీతాఫలాలు కనిపించాయి. ఒకటి కాకి పొడిచింది. గురువారం ఎండుకట్టెలు. మగ్దలేనమ్మ ఆ రెండు రోజులూ పాఠం ఒక్క ముక్క వినలేదు.

క్రిస్మస్ నాడు చర్చిలో పేర్లు పిలవడం మొదలైంది. పొట్లం పట్టుకుని ఒకరు లేవడం, రెండోవాళ్ల దగ్గరికి వెళ్లడం, అందరూ చప్పట్లు. నూకరత్నం వంతు వచ్చింది. రంగుకాగితం చుట్టిన పెద్ద మూటని పొట్టకి ఆనించుకుని, రొప్పుతూ చివరి బెంచీ దాకా నడిచి, బర్నబా ఒళ్లో దించింది.

"నీ స్నేయితురాల్ని నానే మావా! నా ఇంట్లో ఉన్న మంచి వస్తువే తెచ్చేను."

బర్నబా కాగితం విప్పాడు. గుమ్మడికాయ. ఒకవైపు సున్నం పూసి ఉంది. ఆయన కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. బొటనవేలు నాలుకమీద తడిచేసుకుని సున్నాన్ని రుద్దాడు. తెలుపు కిందనుంచి గీత బయటపడింది. రెండో గీత. అడ్డగీతలు. రైలుపట్టా.

మొదటి చీటీలో ఆయనకి వచ్చింది నూకరత్నమే. రహస్యం బయటపడకూడదని తన గుర్తుమీద తనే సున్నం పూసి, తెల్లవారకముందే ఆవిడ గుమ్మంలో పెట్టి వచ్చిన కాయ ఇది. ఆయనే పండించి, ఆయనే మోసుకెళ్లి ఇచ్చిన కాయ నూకరత్నం గడప తొక్కి మళ్లీ ఆయన ఒళ్లోకే వచ్చింది.

మొదట భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని పాస్టరుగారు ప్రార్థనకి చేతులెత్తాడు. అప్పుడు నవ్వు బయటికొచ్చింది. సొరంగంలోంచి గూడ్సుబండి వచ్చినట్టు, ముందు దూరంగా, తర్వాత చర్చి రేకులు అదిరేలా. ఎందుకో తెలియకుండానే అందరూ నవ్వారు. నూకరత్నం అందరికన్నా గట్టిగా నవ్వింది.

బయట, భోజనాలు వడ్డిస్తుండగా, బర్నబా కాయ చంకన పెట్టుకుని మగ్దలేనమ్మ దగ్గరికి వచ్చాడు.

"మొదటి సీటీలో నా పేరు ఎవుల్దగ్గిరా నేదు కదేటి సిస్టరమ్మా?"

మగ్దలేనమ్మ చేతిలో విస్తరాకు పక్కన పెట్టేసింది. "మాటిచ్చేనన్నా..." అంది.

"పట్టాల కీ ఊడిపోద్దమ్మా. ఏ లైనులోనైనా ఊడిపోద్ది. దానికి గేంగుమేన్ని ఎవులూ తిట్టరు. సూడకుండా ఎల్పోయినోణ్ని తిడతారు." జేబులోంచి చిన్న కాగితం మడత తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇంద. నాకు రెండో సీటీ నువ్వే వొచ్చేవు."

మడతలో గోరంత చెక్కముక్క ఉంది. పనసచెక్క. అరగదీసి నున్నగా చేసి, మీద ఎన్ అక్షరం చెక్కాడు. అద్దంలో చూసి రాసినట్టు తిరగేసి చెక్కాడు గానీ, ఎన్నే.

"రోజూ ఆ గుంటలో రబ్బరుమూతతో పొడుత్తంటే సూళ్లేక సేసేను."

మగ్దలేనమ్మ అక్కడికక్కడే సంచిలోంచి లాప్‌టాప్ తీసి, చెక్కమీటని గుంటలో బిగించింది. సరిగ్గా పట్టింది. ఒక్కసారి నొక్కింది. తెరమీద ఎన్ పడింది. మీట పైకి రాలేదు. ఇంకో ఎన్. ఇంకోటి. వరస దాటి, రెండో వరస దాటి, ఎన్‌లు గేదెల మందలా పరిగెడుతున్నాయి.

"ఒకటే పదేపదే పడతాందేటి?" అన్నాడు బర్నబా, కంగారుగా.

"పడనీ అన్నా," అంది సూదులమ్మ. "ఇది నా మొదటి పోగ్రాం లాగున్నాది."

ఆ మీట ఇప్పటికీ మార్చలేదు. ఎన్ కొట్టినప్పుడల్లా గోటితో పైకి లేపుకుంటుంది. ఆ గుమ్మడికాయని మాత్రం ఆ రోజే కోసి కూర చేశారు. నూకరత్నం రెండుసార్లు వడ్డించుకుంది.